ఇంటర్వెల్ ఎందుకొచ్చింది, వంద రోజుల బోర్డు ఎందుకు పోయింది? రీలు, మిషను, ప్రేక్షకుడి అలవాట్లు

నేలటికెట్టు:
సినిమా జనాన్ని ఎలా మార్చిందంటే అందరూ కథలూ హీరోలూ డైలాగుల దగ్గరే ఆగిపోతారు. హాల్లో మనకున్న అలవాట్లలో సగం ప్రొజెక్టర్ గదిలోంచి వచ్చాయని నా అనుమానం. మూడు ప్రశ్నలు. ఒకే ప్రొజెక్టర్ మిషను ఉండటం వల్ల ఇంటర్వెల్ వచ్చిందంటారు, నిజమేనా? వంద రోజుల పండగలు పోవడానికి డిజిటల్ కారణమా, జనం మారిపోవడమా? తొలి సినిమాలు తీసిన లూమియేర్ సోదరుల రైలు బొమ్మ చూసి జనం కుర్చీలు వదిలి పారిపోయారన్నది ఎంతవరకు నిజం? అంకెలతో చెప్పగలిగినవాళ్ళు చెప్పండి. "ఆ రోజులే వేరు" రకం జవాబులకి వేరే చర్చ నడుస్తోంది.

ఆపరేటర్‌గది:
ముందు ఫిలిం రోజుల లెక్క. 35 ఎంఎం ఫిలింలో అడుగుకి 16 ఫ్రేములు. టాకీ వేగం సెకనుకి 24 ఫ్రేములు. అంటే సెకనుకి అడుగున్నర, నిమిషానికి 90 అడుగులు. వెయ్యి అడుగుల రీలు 11 నిమిషాలు ఆడుతుంది. మన మూడు గంటల బొమ్మ 16,200 అడుగులు, అంటే పదహారు పదిహేడు రీళ్ళు. హాల్లో రెండేసి రీళ్ళు కలిపి 2000 అడుగుల స్పూలుకి ఎక్కించేవారు. ఒక్కోటి 22 నిమిషాలు, మొత్తం ఎనిమిదో తొమ్మిదో స్పూళ్ళు.

రెండు ప్రొజెక్టర్లున్న హాల్లో ఒకటి ఆడుతుండగా రెండోదానికి ఫిలిం ఎక్కించి, కార్బన్ (వెలుతురిచ్చే పుల్లలు) వెలిగించి ఉంచాలి. స్పూలు అయిపోవడానికి 8 సెకన్ల ముందు తెర కుడి పైమూలన ఒక చుక్క పడుతుంది. అది చూడగానే రెండో మిషను మోటారు ఆన్ చెయ్యాలి. చివరి సెకనులో రెండో చుక్క పడగానే ఇటు వెలుతురుకి రేకు అడ్డుపెట్టి అటు తియ్యాలి, సౌండు కూడా అటు మార్చాలి. ఒక్కో చుక్క నాలుగు ఫ్రేములే, సెకనులో ఆరో వంతు. రెప్ప వేస్తే పోయింది. మోటారు పూర్తి వేగం అందుకోవడానికి కొన్ని సెకన్లు పడుతుంది కాబట్టి రీలు మొదట్లో బొమ్మకి ముందుండే అంకెల ముక్కలో, అంటే లీడరులో, ఏ అంకె దగ్గర గేటులో (ఫిలిం వెలుతురుకి ఎదురుపడే చోట) పెట్టాలో ఆ మిషనుని బట్టి ఉంటుంది. బాగా వెనక పెడితే తెర మీద లీడరు అంకెలు కనబడతాయి. మరీ ముందు పెడితే కొత్త సీనులో మొదటి మాట మింగేస్తుంది.

ల్యాబు వేసిన చుక్క అరిగిపోతే ఆపరేటర్లు సూదితో తమ గుర్తు తాము గీసుకునేవారు. ప్రింటు పది హాళ్ళు తిరిగొచ్చేసరికి ఆ మూలంతా గీతలే. పాత ప్రింట్లలో స్పూలు చివర సీను ఎగిరినట్టుంటే కారణం ఇదీ, మొదట్లోనూ చివర్లోనూ తెగి అతికిన ముక్కలూనూ.

ఇక ఇంటర్వెల్. రెండు మిషన్లుంటే యంత్రం కోసం దాని అవసరమే లేదు.

డేరాహాలు:
పట్నం హాలుకి అది సరే. టూరింగ్ టాకీసులో మిషను ఒక్కటే. స్పూలు అయిపోతే లైట్లు వేసి, దాన్ని దించి, కొత్తది ఎక్కించి, గేటుకి పైనా కిందా లూపులు (వదులుగా ఉంచే ఫిలిం వంపులు) సరిచూసుకుని మళ్ళీ మొదలెట్టాలి. చెయ్యి తిరిగినవాడికి రెండు మూడు నిమిషాలు. 35 ఎంఎంలో అలాంటి విరామాలు ఏడెనిమిది. 16 ఎంఎం మిషనైతే కాస్త నయం: అడుగుకి 40 ఫ్రేములు, నిమిషానికి 36 అడుగులే నడుస్తుంది కనక 1600 అడుగుల స్పూలు 44 నిమిషాలొస్తుంది. మూడు గంటల బొమ్మకి నాలుగు స్పూళ్ళు, మూడు విరామాలు. వేరుశెనక్కాయల బుట్ట ఎన్నిసార్లు లోపలికి రావాలో ఈ లెక్కే చెప్పేది.

డేరాలో ఇంకో తంటా కరెంటు. డీజిల్ ఇంజను మీద జనరేటరు నడుస్తుంది. ప్రొజెక్టర్ మోటారు వేగం కరెంటు సైకిళ్ళని (సెకనుకి ఎన్ని ఆవృత్తులన్నదాన్ని) బట్టి ఉంటుంది. ఇంజను నీరసించి 50 సైకిళ్ళు 47కి పడితే ఫిలిం 6 శాతం నెమ్మదిస్తుంది, పాట ఒక స్వరస్థానం కిందికి దిగుతుంది. గాయకుడికి జలుబు చేసిందనుకుంటారు జనం. ఇంజనుకి గాలి సరిగ్గా అందుతోందా, డీజిల్‌లో నీళ్ళు కలిశాయా అన్నది చూసుకోవాల్సింది పాపం ఇంజను మనిషి.

తెరవెనుక:
ఇంటర్వెల్ పుట్టుకని ఒక్క మిషను మీదికి నెట్టడం నాకు ఒప్పుదల కాదు. రెండు మిషన్లు పెట్టుకున్న హాళ్ళు కూడా దాన్ని తియ్యలేదు, డిజిటల్ వచ్చాక కూడా ఎవరూ తియ్యలేదు. మన ప్రేక్షకుడు నాటకాల పందిట్లోంచి హాల్లోకి వచ్చినవాడు. అంకానికి అంకానికి మధ్య తెర దించడం అతనికి కొత్త కాదు. రెండో కారణం క్యాంటీన్, సైకిల్ స్టాండ్, సోడాలు. టికెట్టు డబ్బులో పన్నూ పంపిణీదారుడి వాటా పోతాయి. క్యాంటీన్ వేలం పాట డబ్బు మాత్రం నేరుగా హాలు యజమానికే. మూడోది, మూడు గంటల నిడివి.

అమెరికాలో ఏం జరిగిందో పక్కన పెట్టి చూడండి. గంటన్నర బొమ్మలు, హాలు పొద్దున్నుంచీ ఆగకుండా ఆడుతూ ఉండేది. జనం సగంలో వచ్చి కూర్చుని, తాము వచ్చిన సీను మళ్ళీ రాగానే లేచి వెళ్ళిపోయేవారు. 1960లో హిచ్‌కాక్ "సైకో"కి ఆట మొదలయ్యాక ఎవర్నీ లోపలికి పంపొద్దని హాళ్ళకి గట్టిగా నియమం పెట్టించడం అందుకే పెద్ద వార్తయింది. మనకి మ్యాట్నీ, మొదటి ఆట, రెండో ఆట అని గంట కొట్టి మొదలెట్టడం ముందునుంచీ అలవాటే. ఆ వార్త ఇక్కడ వింతగా వినిపించేది.

ఇంగ్లీషు బొమ్మకి మనవాళ్ళు ఇంటర్వెల్ ఎక్కడ పెట్టేవారో గమనించారా? వంద నిమిషాల బొమ్మ ఐదు స్పూళ్ళు. రెండో స్పూలో మూడో స్పూలో అయిపోగానే లైట్లు. హీరో తుపాకీ గురిపెట్టి ఉన్నా సరే.

నేలటికెట్టు:
అయితే "ఇంటర్వెల్ బ్యాంగ్" అని మన రచయితలు ప్రత్యేకంగా రాసుకునేది, క్యాంటీన్ వల్ల వచ్చిన విరామానికి కథ సర్దుకోవడమన్నమాట.

తెరవెనుక:
సర్దుకోవడం కాదండీ, వాడుకోవడం. జనం బయటికెళ్ళి పావుగంట ఆ మలుపు గురించే మాట్లాడుకుంటారు. రెండో సగం చూడనివాడికి కూడా, గేటు దగ్గరే ప్రచారం జరిగిపోతుంది. కథని రెండు ముక్కలుగా ఊహించడం, "ఫస్టాఫ్ బాగుంది, సెకండాఫ్ లాగింది" అని తీర్పు చెప్పడం మనవాళ్ళకి నాలిక మీద ఉంటుంది. విరామం లేని దేశాల్లో ఆ తీర్పు అంతగా వినబడదు.

పాతప్రింటు:
వంద రోజుల సంగతి నేను తీసుకుంటాను. దీన్ని ప్రింట్ల సంఖ్య నుంచి చూడాలి. ప్రింటు ఖరీదైన సరుకు కాబట్టి లెక్కగా తీసేవారు. అవి ముందు "ఏ" సెంటర్లకి, అంటే పెద్ద ఊళ్ళకి, అక్కడ జోరు తగ్గాక బీ సెంటర్లకి, ఆ తర్వాత సీ సెంటర్లకి. విజయవాడలో ఆడుతున్న బొమ్మ కోసం చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు విజయవాడకే బస్సెక్కాలి, లేదా నెలలు ఆగాలి. అంటే "ఏ" సెంటరులో వంద రోజుల జనంలో ఆ ఊరివాళ్ళొక్కళ్ళే లేరు, జిల్లా సగం ఉంది. నచ్చినవాడు మళ్ళీ మళ్ళీ వచ్చేవాడు, అదీ నిజమే. వీడియో లేదు, టీవీ లేదు, హాల్లోంచి పోతే మళ్ళీ ఎప్పుడొస్తుందో తెలీదు.

చిన్న ఊళ్ళకి చేరేసరికి ప్రింటు పరిస్థితి వేరు. తెర మీద వాన కురిసినట్టుండే గీతల్ని చూసి అది ఎక్కడ దెబ్బతిందో చెప్పొచ్చు. నల్ల గీతలైతే ఫిలిం వెనకవైపు, అంటే వట్టి ప్లాస్టిక్ వైపు గీసుకుంది. రంగుల ప్రింటు మీద ఆకుపచ్చ గీత కనబడితే రసాయనం పూత వైపు గీసుకుంది. ఆ పూతలో పైపొర మెజెంటా, అంటే ముదురు గులాబీ రంగు. అది లేచిపోతే ఆకుపచ్చ మిగులుతుంది. ఇంకా లోతుకెళ్ళి సయాన్ (ఆకాశనీలం) పొర కూడా పోతే గీత పసుపు. మొత్తం పోతే తెలుపు. ఆకుపచ్చ గీత నిలువునా అలా సాగుతూనే ఉంటే గేటులోనో రోలరు మీదో మట్టి గడ్డకట్టిందని అర్థం. ఆ హాలు వాళ్ళు ఆటకీ ఆటకీ మధ్య బ్రష్షు పట్టలేదన్నమాట.

షిఫ్టింగ్ గురించి కూడా చెప్పాలి. ఒక ప్రింటుతో రెండు హాళ్ళు నడపడం. రెండో హాల్లో ఆట 45 నిమిషాలు ఆలస్యంగా మొదలెట్టేవారు. మొదటి హాల్లో స్పూలు 22 నిమిషాల్లో అయిపోతే, మిగిలిన 23 నిమిషాల్లో రివైండు చేసి, డబ్బాలో పెట్టి, సైకిలు మీద తీసుకెళ్ళి, అక్కడ మిషనుకి ఎక్కించాలి. దారిలో రైలు గేటు పడిందా, రెండో హాల్లో తెల్ల తెర, ఈలలు. అక్కడ తేరుకోవడానికి ప్రకటనల స్లైడ్లు పనికొచ్చేవి.

సెకండ్‌షో:
"జోరు తగ్గాక బీ సెంటర్లకి" అన్నారు, కానీ పండగకి విడుదలయ్యే పెద్ద బొమ్మలు కొన్ని బీ సెంటర్లలో కూడా మొదటిరోజే పడేవి కదా.

పాతప్రింటు:
పడేవి, రానురాను ప్రింట్లు పెంచారు కూడా. తేడా ఎప్పుడు స్థిరపడిందంటే 2005 తర్వాత యూఎఫ్ఓ, క్యూబ్ లాంటి సంస్థల డిజిటల్ సర్వర్లు హాళ్ళలోకి వచ్చాక. కాపీకి విడిగా ఖర్చు దాదాపు లేదు, శాటిలైటు మీదో హార్డ్‌డిస్కులోనో వస్తుంది. ఇక మండల కేంద్రంలో హాలు జిల్లా కేంద్రంతో పాటే మొదటి ఆట వేస్తుంది. వంద రోజుల్లో వచ్చే జనం మొదటి వారంలోనే వచ్చేస్తారు. కాబట్టి నేలటికెట్టు గారూ, జనం మారడం, డిజిటల్ రావడం రెండు కారణాలు కావు, ఒకటే. అయితే ఖర్చు మాయమవలేదు, రూపం మార్చుకుంది. ప్రింటు బదులు డిజిటల్ సంస్థలకి కట్టే రుసుము వచ్చింది. దాని మీద గొడవతోనే 2018 మార్చిలో దక్షిణాది హాళ్ళు కొన్నాళ్ళు మూసేశారు.

కార్బన్‌పుల్ల:
"ఫోకస్!", "ఫ్రేం!" అరుపుల గురించి ఎవరూ రాయలేదు. తెర మీద లోపాన్ని పేరు పెట్టి గుర్తించడం నేలక్లాసు జనానికి కూడా వచ్చు, ఇది చిన్న విషయం కాదు.

"ఫ్రేం!" అంటే తెర మధ్యలో అడ్డగీత వచ్చి కింద తల, పైన కాళ్ళు కనబడటం. ఫ్రేముకి పక్కన నాలుగేసి రంధ్రాలు. తెగిన ఫిలిం అతికేటప్పుడు రంధ్రాల లెక్క తప్పితే అక్కణ్ణుంచి బొమ్మ జారిపోతుంది. మిషను మీది ఫ్రేమింగ్ మర తిప్పితే సరిపోతుంది. ఎవరో అరిచేదాకా ఆపరేటరు తిప్పడు, ఎందుకంటే ఆ సమయంలో అతను రెండో మిషను కార్బన్ చూసుకుంటూ ఉంటాడు.

కార్బన్ ఆర్కులో రెండు పుల్లలు, రెక్టిఫయరు నుంచి డీసీ కరెంటు. పాజిటివ్ పుల్ల కొస గుంటపడి మండుతుంది, ఆ గుంటదే వెలుతురు. వెనకున్న అద్దం దాన్ని గేటు మీదికి పడేస్తుంది. పుల్లలు తరుగుతూ ఉంటాయి కాబట్టి ఎడం పెరిగితే వెలుతురు తగ్గి రెపరెపలాడుతుంది. గుంట అద్దం ఫోకస్ నుంచి జరిగితే తెర ఒకచోట నీలంగా, మరోచోట గోధుమరంగుగా అవుతుంది. పుల్లల మీది రాగి పూత కరిగి చిందితే అద్దం మీద మచ్చలు, పొగగొట్టం సరిగ్గా లాగకపోతే మసి. ఖర్చు తగ్గించుకోవడానికి ఆంపియర్లు తగ్గించి ఆడించే హాళ్ళు ఉండేవి. రాత్రి సీన్లలో ఎవరు ఎవర్ని కొడుతున్నారో తెలిసేది కాదు. దర్శకులు తర్వాత రాత్రి సీన్లని కూడా బాగా వెలుగు పెట్టి తీశారంటే కారణాల్లో ఇదొకటని నా లెక్క.

క్సెనాన్ దీపం వచ్చాక పుల్లల గోల పోయింది, వేరే భయం వచ్చింది. ఆ బల్బులో వాయువు చల్లగా ఉన్నప్పుడు కూడా ఎక్కువ ఒత్తిడిలో ఉంటుంది. ముఖానికి కవచం, చేతికి తొడుగు లేకుండా మార్చకూడదు. వేలిముద్ర పడితే ఆ జిడ్డు మాడి క్వార్ట్జు బలహీనపడి పేలొచ్చు.

కొత్త ప్రింటు మొదటి ఆటలో టకటకమని చప్పుడు చేస్తూ ఫోకస్ తప్పుతుంది. పూత ఇంకా పచ్చిగా ఉండి గేటులో అంటుకుంటుంది. రంధ్రాల అంచులకి పలచగా మైనం రాస్తే పోతుంది. మొదటిరోజు మొదటి ఆట చూసి "ఫోటోగ్రఫీ బాలేదు" అనేసినవాళ్ళలో కొందరు తిట్టింది నిజానికి ఈ మైనం లేకపోవడాన్ని.

లూపు:
సౌండు గురించి రెండు ముక్కలు. ఫ్రేము పక్కనే దాని శబ్దం ఉండదు. 35 ఎంఎంలో 20 ఫ్రేములు ముందుంటుంది, 16 ఎంఎంలో 26. గేటులో ఫిలిం ఆగి ఆగి నడవాలి, శబ్దం చదివే సౌండ్ డ్రమ్ము మీద సాఫీగా నడవాలి, అందుకే ఈ ఎడం, మధ్యలో కింది లూపు. లూపు రెండు ఫ్రేములు పెద్దగా పెడితే మాట పెదవి కన్నా రెండు ఫ్రేములు వెనక పడుతుంది. హాలు పొడుగు కూడా లెక్కలోకొస్తుంది: ఒక ఫ్రేము కాలంలో శబ్దం 14 మీటర్లు పోతుంది. 28 మీటర్ల హాల్లో చివరి వరసకి సహజంగానే రెండు ఫ్రేముల ఆలస్యం. అందుకని పెద్ద హాల్లో తెలిసిన ఆపరేటరు లూపు ఒక ఫ్రేము చిన్నగా పెడతాడు, మధ్య వరసలకి సరిపోయేలా. ముందు వరసలో నేలమీద కూర్చున్నవాడికి మాట కాస్త ముందే వినబడుతుంది. వాడు పట్టించుకోడు.

గోదారిగట్టు:
శబ్దం వచ్చాక ప్రేక్షకుడు చీలిపోయాడు, అది ఇక్కడ చెప్పుకోవాలి. మూకీకి మధ్యలో వచ్చే అక్షరాల కార్డులు మారిస్తే ఏ రాష్ట్రంలోనైనా ఆడేది. 1909లో రఘుపతి వెంకయ్య మద్రాసులో క్రోనోమెగాఫోన్ తెప్పించి ఊరూరా బొమ్మలు చూపించినప్పుడు అది గ్రామఫోను రికార్డుతో జతచేసిన యంత్రం, భాష ముఖ్యం కాదు. "ఆలం ఆరా" 1931 మార్చి 14న బొంబాయిలో విడుదలైంది. మన "భక్త ప్రహ్లాద" 1932 ఫిబ్రవరి 6న. 1931 సెప్టెంబరు 15 అని చాలాకాలం రాస్తూ వచ్చారు గానీ, సెన్సారు తేదీలూ నాటి ప్రకటనలూ బయటపడ్డాక ఆ మాట నిలవదు. అక్కణ్ణుంచి తెలుగు ప్రేక్షకుడు, తమిళ ప్రేక్షకుడు అని వేరువేరు బజార్లు ఏర్పడ్డాయి. పద్యం రాగం తీస్తే "వన్స్ మోర్" అనే నాటకాల అలవాటు హాల్లోకీ వచ్చింది. నాటకంలో నటుడు మళ్ళీ పాడతాడు. రీలుకి రివైండు కావాలి.

పాట తిరిగి వినాలంటే మిగిలింది పాటల పుస్తకం. హాలు దగ్గర అమ్మే చిన్న పుస్తకం, పలచటి న్యూస్‌ప్రింటు, మొదట నటీనటుల పేర్లు, తర్వాత కథ సగం దాకా చెప్పి "మిగతా వెండితెరపై చూడండి" అని ఆపేసేవారు, ఆపైన పాటలు. సినిమా చూడనివాళ్ళకి కూడా పాటలు నోటికి రావడం వెనక ఈ పుస్తకాలూ రేడియోలో వచ్చే సంక్షిప్త శబ్దచిత్రాలూ ఉన్నాయి.

చరిత్రపేజీ:
రైలు ప్రశ్న ఉండిపోయింది. 1895 డిసెంబరు 28న పారిస్ గ్రాండ్ కెఫేలో లూమియేర్ల ఆట డబ్బు కట్టి చూసినవాళ్ళు ముప్పై ముగ్గురు. చూపించినవి పది బొమ్మలు, ఒక్కోటి 17 మీటర్ల ఫిలిం, యాభై సెకన్ల లోపు. ఆ పదిలో రైలు బొమ్మ లేదు, అది మరుసటి నెలల్లో వచ్చింది. జనం పారిపోయినట్టు అప్పటి పత్రికల్లో నమ్మదగ్గ సాక్ష్యం దొరకలేదు. ఆ బొమ్మలో రైలు నేరుగా మీదికి రాదు కూడా, ఐమూలగా పక్కకి పోతుంది. ఇలాంటిదే ఇంకో పుకారు: 1934లో ఒక హాలీవుడ్ హీరో చొక్కా కింద బనీను లేకుండా కనబడేసరికి అమెరికాలో బనీన్ల అమ్మకాలు పడిపోయాయని. దానికీ లెక్కలు లేవు.

ప్రభావాన్ని నిజంగా కొలవడానికి ప్రయత్నించినవి అమెరికాలో 1929 నుంచి జరిగిన పేన్ ఫండ్ అధ్యయనాలు, 1933లో అచ్చయ్యాయి. పిల్లల మంచాలకి పరికరాలు బిగించి, సినిమా చూసిన రాత్రి నిద్రలో ఎంత కదులుతున్నారో లెక్కపెట్టారు. నల్లవాళ్ళని నీచంగా చూపించిన ఒక పాత మూకీ చూపించి, ముందూ వెనకా పిల్లల అభిప్రాయాలు ప్రశ్నపత్రంతో కొలిచారు. ద్వేషం పెరిగింది, అయిదు నెలల తర్వాత కూడా కొంత మిగిలింది. పద్ధతుల్లో లోపాలున్నాయని తర్వాతివాళ్ళు విమర్శించారు, ఆ విమర్శ న్యాయమే. కానీ రైలు కథ కన్నా ఇది వెయ్యి రెట్లు నయం. మన దగ్గర మద్రాసు న్యాయవాది రంగాచారియార్ అధ్యక్షతన 1927-28లో సినిమాటోగ్రాఫ్ కమిటీ దేశం తిరిగి వందలమంది సాక్షుల్ని విచారించింది. గాంధీ సినిమా చెడ్డదన్నారు. కమిటీ మాత్రం దేశీ పరిశ్రమని ప్రోత్సహించమంది.

బల్బుసినిమా:
చిన్న పక్కదారి. పిల్లలు ఫిలిం ముక్కలతో, నీళ్ళు నింపిన బల్బుతో గోడ మీద బొమ్మ వేస్తారు కదా, దాని లెక్క ఎవరైనా చెప్తారా?

లూపు:
బల్బు నీళ్ళతో గుండ్రటి లెన్సు అవుతుంది. నీటి గోళం ఫోకస్ దూరం, మధ్యనుంచి కొలిస్తే, వ్యాసార్ధానికి రెట్టింపు. 3 సెం.మీ. వ్యాసార్ధం బల్బుకి 6 సెం.మీ. గోడ 2 మీటర్ల దూరంలో ఉంటే ఫిలిం 6.2 సెం.మీ. దగ్గర పట్టాలి. ఫ్రేము వెడల్పు 22 మి.మీ., పెద్దదనం 32 రెట్లు, గోడ మీద 70 సెం.మీ. బొమ్మ. తలకిందులుగా పడుతుంది కాబట్టి ఫిలిం తిరగేసి పట్టుకోవాలి. ఎండని అద్దంతో గదిలోకి తిప్పాలి, గది చీకటిగా ఉండాలి. అంచులు మసకగా ఉంటాయి, గోళం లెన్సుతో అది తప్పదు. నీళ్ళలో బుడగ ఉంటే తెర మీద మచ్చ. ఫిలింని ఎండ బిందువు పడేచోట ఆపి ఉంచితే మాడుతుంది.

సెకండ్‌షో:
మూతపడిన హాల్లో పాత ఫిలిం డబ్బాలు ఉండిపోతే ఏం చెయ్యాలి? తెరిస్తే పుల్లటి వాసన వస్తోందట.

పాతప్రింటు:
పుల్లటి వాసన అంటే ఎసిటేట్ ఫిలిం కుళ్ళుతోంది, వచ్చేది వెనిగర్ ఆమ్లమే. ఒక డబ్బా నుంచి పక్క డబ్బాలకి అంటుకుంటుంది కాబట్టి వాసనున్నవి విడిగా, గాలాడేచోట, చల్లగా పెట్టండి. ప్లాస్టిక్ సంచిలో బిగించొద్దు. ప్రొజెక్టరుకి ఎక్కించొద్దు, కుంచించుకుపోయిన ఫిలిం రంధ్రాలు స్ప్రాకెట్ పళ్ళకి సరిపోక చిరుగుతాయి.

1950 దశకం మొదట్లోదో అంతకు ముందుదో అయితే ముందు అంచు మీద అక్షరాలు చూడండి, "సేఫ్టీ" అనో "నైట్రేట్" (తేలిగ్గా మండే పాత రకం) అనో ఉంటుంది. ప్రింటు అంచు మీద నెగెటివ్ అక్షరాలు కూడా అచ్చవుతాయి, కాబట్టి ఒక్క ముద్రనే నమ్ముకోవద్దు. నైట్రేట్ అని అనుమానం వస్తే ముక్క కాల్చి చూడటం లాంటివి చెయ్యకండి. అది తన ఆక్సిజన్ తానే ఇచ్చుకుంటుంది, నీళ్ళలో ముంచినా మండుతుంది. డబ్బాల మీది పేర్లు, రీలు నెంబర్లు రాసుకుని పుణెలో 1964లో పెట్టిన జాతీయ ఫిల్మ్ ఆర్కైవుకి ఉత్తరం రాయండి. ఫిలింలోంచి వెండి తీసుకునేవాడికి కిలోల లెక్కన అమ్మెయ్యకండి, మన మూకీలు చాలావరకు పోయిన దారుల్లో అదొకటి.